రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్తూనే యూనివర్సిటీలో స్నేహితులను సంపాదించుకోవడం ఎలా?

యూనివర్సిటీలో చేరిన మొదటి నెలల్లో హాస్టల్ విద్యార్థికీ, రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్ళే డే స్కాలర్‌కూ మధ్య కనిపించే తేడా చాలావరకు సమయానికి సంబంధించినదే. ఇద్దరూ అవే క్లాసుల్లో కూర్చుంటారు, అవే పరీక్షలు రాస్తారు. అయితే ఆఖరి పీరియడ్ ముగిశాక హాస్టల్ విద్యార్థికి మెస్సులోనూ, వరండాలోనూ, పక్క గదిలోనూ మరో ఐదారు గంటల సహవాసం ఏ ప్రయత్నమూ లేకుండానే దొరుకుతుంది. ఆ గంటల్లో మీరు బస్సులోనో రైలులోనో ఉంటారు. కొన్ని వారాలు గడిచేసరికి మిగిలినవారందరూ జట్లుగా తిరుగుతుంటే, మీకు మాత్రం ముఖపరిచయాలే మిగిలి ఉంటే, మీ స్వభావంలోనే ఏదో లోపం ఉందని అనిపించవచ్చు. అటువంటి నిర్ణయానికి రాబోయే ముందు గంటల లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

స్నేహాలు దగ్గరలో ఉన్నవారి మధ్యనే పుడతాయని 1950లో లియోన్ ఫెస్టింగర్, స్టాన్లీ షాక్టర్, కర్ట్ బ్యాక్ ప్రచురించిన పరిశీలన చూపించింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వివాహితులైన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్ళలో, పక్క తలుపు వారిని సన్నిహితులుగా చెప్పుకున్నవారు 41 శాతం ఉండగా, అదే అంతస్తులో అవతలి చివర ఉన్నవారిని చెప్పుకున్నవారు 10 శాతమే. మెట్ల దగ్గర, ఉత్తరాల పెట్టెల దగ్గర ఉన్న ఇళ్ళవారికి పై అంతస్తులో కూడా స్నేహితులు ఎక్కువగా ఉండేవారు, ఎందుకంటే అందరూ ఆ దారినే వస్తూ పోతూ ఉండేవారు. 2018లో కన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ ఈ విషయాన్ని గంటల్లో లెక్కగట్టే ప్రయత్నం చేశారు. ఆయన అంచనా ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, నిజమైన స్నేహం కావడానికి 90 గంటలు, ఆప్తమిత్రుడు అనదగిన స్థాయికి చేరడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి వస్తుంది. పక్కపక్కన కూర్చుని పాఠం వినే గంటల కంటే ఇష్టపడి కలిసి గడిపిన గంటలకే అక్కడ విలువ ఎక్కువ.

ఇప్పుడు మీ లెక్క చూడండి. క్లాసులు పోను రోజుకు 40 నిమిషాలు ఒకే వ్యక్తితోనో ఒకే చిన్న జట్టుతోనో గడపగలిగితే, వారానికి ఐదు రోజుల చొప్పున 3 గంటల 20 నిమిషాలు అవుతుంది. ఆ లెక్కన 50 గంటలు పూర్తి కావడానికి 15 వారాలు, అంటే దాదాపు ఒక సెమిస్టర్ పడుతుంది. హాస్టల్లో ఈ పని మూడు నాలుగు వారాల్లో జరిగిపోవచ్చు. కాబట్టి మీరు ఆలస్యంగా చేరుకుంటారే తప్ప, చేరుకోలేరని కాదు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ ఆ 40 నిమిషాలను ఎక్కడి నుంచి తేవాలి, తెచ్చినవాటిని వృథా పోకుండా ఎలా వాడుకోవాలి అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

మొదట వారాన్ని కాగితం మీద పెట్టండి

ఒక కాగితం తీసుకుని ఎడమవైపు క్లాసుల టైమ్‌టేబుల్, కుడివైపు మీరు ఎక్కే బస్సు లేదా రైలు వేళలు రాయండి. ఇంటికి తిరిగి వెళ్ళే వేళల విషయంలో మూడింటిని గుర్తించాలి: మీరు అలవాటుగా ఎక్కే బస్సు, దాని తర్వాతి బస్సు, ఆ మార్గంలో నడిచే ఆఖరి బస్సు. చాలామంది డే స్కాలర్లకు మొదటిది కంఠతా వస్తుంది, మూడోదాని గురించి భయం ఉంటుంది, రెండోదాని సంగతి మాత్రం ఎప్పుడూ ఆలోచించరు. నిజానికి మీ స్నేహాలన్నీ మొదటి బస్సుకూ రెండో బస్సుకూ మధ్య ఉన్న వ్యవధిలోనే పుట్టే అవకాశం ఉంది. ఆ వ్యవధి అరగంటే అయినా, వారంలో మూడు రోజులు దానిని క్యాంపస్‌లో గడపాలని నిర్ణయించుకోండి. మరొక రోజును ఎంచుకుని, ఆ రోజు ఆఖరి బస్సుకు ఒకటి ముందున్న బస్సు వరకు ఉంటానని ఇంట్లో ముందుగానే చెప్పి పెట్టుకోండి. ఏ రోజుకారోజు తీసుకునే నిర్ణయం ఎప్పుడూ బస్ స్టాప్ వైపే లాగుతుంది, అలసట అటువంటిది.

ఇంట్లో చెప్పేటప్పుడు "స్నేహితులతో ఉంటాను" అనే అస్పష్టమైన మాట కంటే, ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటల వరకు, ఏ బస్సుకు బయలుదేరతారు అన్నది చెప్పడం మేలు. పెద్దవారి అభ్యంతరం చాలాసార్లు ఆలస్యం మీద ఉండదు, ఎప్పుడు వస్తారో తెలియకపోవడం మీద ఉంటుంది.

క్లాసుల వేళలను మీరే ఎంచుకునే అవకాశం ఉన్న యూనివర్సిటీల్లో మరొక సంగతి ఉంది. ప్రయాణం తగ్గుతుందని క్లాసులన్నిటినీ రెండు మూడు రోజుల్లో ఇరికించుకునే డే స్కాలర్లు చాలామంది ఉంటారు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి అది తప్పదు. తప్పనిసరి కాని పక్షంలో మాత్రం మొదటి సంవత్సరం అలా చేయవద్దని నా సలహా. ఒక క్లాసు గదిలోంచి మరొక క్లాసు గదిలోకి పరుగెత్తుతూ రెండు రోజులు గడిపే విద్యార్థికి మనుషులను కలిసే వేళే ఉండదు, మిగిలిన రోజుల్లో ఇంట్లో దొరికే విశ్రాంతికి అదే ధర. రెండు క్లాసుల మధ్య గంట, గంటన్నర ఖాళీ ఉన్న టైమ్‌టేబుల్ చూడటానికి అసౌకర్యంగా ఉన్నా, మీకు కావలసిన 40 నిమిషాలు అందులోనే ఉన్నాయి.

కూర్చునే చోటును స్థిరపరచుకోండి

జర్మనీలో మిత్యా బ్యాక్, స్టెఫాన్ ష్ముక్లే, బోరిస్ ఎగ్లోఫ్ 2008లో ప్రచురించిన పరిశోధన డే స్కాలర్లకు బాగా పనికొస్తుంది. కొత్తగా చేరిన మనస్తత్వశాస్త్ర విద్యార్థులను పరిచయ సమావేశంలో చీటీ ప్రకారం ఎవరి చోటు వారికి కేటాయించి కూర్చోబెట్టారు. సంవత్సరం తర్వాత చూస్తే, ఆ రోజు పక్కపక్కన కూర్చున్నవారి మధ్య స్నేహం ఇతరుల కంటే గాఢంగా ఉంది. ఒకే వరుసలో కూర్చున్నవారి మధ్య కూడా కొంత ఎక్కువగానే ఉంది. అభిరుచులు కలవడం, స్వభావాలు నప్పడం వంటివి తర్వాతి మాట, ముందు ఒక కుర్చీ పక్కన మరొక కుర్చీ పడాలి.

కాబట్టి మొదటి వారం నుంచే ప్రతి క్లాసులోనూ ఒక వరుసను మీదిగా చేసుకోండి. తలుపు దగ్గరి ఆఖరి బెంచీని మాత్రం వదిలేయండి. బస్సు అందుకోవడానికి వీలుగా ఉంటుందని డే స్కాలర్లు అక్కడే కూర్చుంటారు, పాఠం ముగియగానే అందరికంటే ముందు వెళ్ళిపోతారు, ఫలితంగా వారి ముఖం ఎవరికీ గుర్తుండదు. గది మధ్యలో, నడవాకు ఒకటి రెండు కుర్చీల లోపల కూర్చుంటే ఇరువైపులా మనుషులుంటారు, లేచి వెళ్ళేటప్పుడు రెండు మాటలు మాట్లాడక తప్పదు. పాఠానికి పది నిమిషాల ముందే చేరుకోవడం కూడా ఇందులో భాగమే. ప్రయాణంలో ఆలస్యాలు సహజం గనుక ఒక బస్సు ముందుగా బయలుదేరడం మొదటి నెలలోనైనా అలవాటు చేసుకోండి. ఆ పది నిమిషాల్లో గదిలో ఉండేది నలుగురైదుగురే, కాబట్టి అరవైమంది ఉన్నప్పుడు సాధ్యం కాని పలకరింపు అప్పుడు సహజంగా కుదురుతుంది.

మాట్లాడటానికి మొహమాటపడే వారికి ఒక ఊరట ఉంది. రిచర్డ్ మోర్లాండ్, స్కాట్ బీచ్ 1992లో ప్రచురించిన ప్రయోగంలో దాదాపు ఒకేలా కనిపించే నలుగురు యువతులను ఎంచుకుని, ఒక కోర్సు క్లాసులకు ఒకరిని 15 సార్లు, ఒకరిని 10 సార్లు, ఒకరిని 5 సార్లు పంపారు, నాలుగో ఆమెను అసలు పంపలేదు. వారెవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. చివర ఫొటోలు చూపించి అడిగితే, ఎక్కువసార్లు వచ్చినవారి పట్లే విద్యార్థులు ఎక్కువ ఇష్టం చూపారు. ఒకే చోట, ఒకే వేళకు, క్రమం తప్పకుండా కనిపించడమే సగం పని చేస్తుంది. క్లాసులు ఎగ్గొట్టే డే స్కాలర్ హాజరు శాతంతో పాటు దీన్ని కూడా పోగొట్టుకుంటాడు.

రెండో సంభాషణను సిద్ధం చేసుకోండి

మొదటి పలకరింపు గురించి అందరూ అతిగా ఆలోచిస్తారు. "ఇక్కడ ఎవరైనా కూర్చున్నారా?", "మొన్నటి ల్యాబ్ రికార్డు ఎప్పటిలోగా ఇవ్వాలి?", "ఈ సార్ పాఠం నీకు అందుతోందా, నాకు మాత్రం వేగంగా అనిపిస్తోంది" వంటి అతి మామూలు మాటలు చాలు. అందరూ కొత్తవారే అయిన మొదటి సెమిస్టర్‌లో ఎవరు ఎవరిని పలకరించినా వింతగా ఉండదు, ఈ వెసులుబాటు రెండో సంవత్సరంలో ఉండదు.

అసలు కష్టం రెండో సంభాషణ దగ్గర వస్తుంది. నిన్న పది నిమిషాలు మాట్లాడిన వ్యక్తి ఈ రోజు ఎదురైతే, అతనికి గుర్తున్నానో లేదో అన్న అనుమానంతో ఇద్దరూ తల తిప్పుకుని వెళ్ళిపోతారు, పరిచయం అక్కడితో ఆగిపోతుంది. దీనికి విరుగుడు మొదటి సంభాషణలోనే దొరుకుతుంది. పేరు తెలుసుకోండి, ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఆ పేరునూ, అతను చెప్పిన ఒక సంగతినీ ఫోన్‌లో రాసుకోండి. మర్నాడు "నిన్న మీ చెల్లెలికి పరీక్ష అన్నావు కదా, ఎలా రాసింది?" అని అడిగితే అది రెండో సంభాషణ అవుతుంది, మళ్ళీ "ఏ ఊరు, ఏ బ్రాంచ్" దగ్గర నుంచి మొదలుపెడితే మొదటి సంభాషణే మరోసారి జరిగినట్టు. రాసుకోవడం కృత్రిమంగా ఉందని కొందరికి అనిపించవచ్చు. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవారికి ఈ వివరాలు వద్దన్నా చెవిన పడుతూ ఉంటాయి, మీకు ఆ సౌకర్యం లేదు, అంతే.

మాట్లాడి వచ్చాక "అతనికి నేను నచ్చలేదేమో" అన్న సందేహం దాదాపు అందరికీ కలుగుతుంది. ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో, కొత్తగా మాట్లాడుకున్నవారు అవతలివారికి తాము ఎంత నచ్చామో తక్కువగా అంచనా వేస్తారని తేలింది. ఒకే వసతిలో ఉంటున్న మొదటి సంవత్సరం విద్యార్థుల్లో సైతం ఈ పొరపాటు అంచనా నెలల తరబడి కొనసాగింది. పక్కగదుల్లో ఉంటున్నవారికే ఇన్నాళ్ళు సందేహం తీరకపోతే, వారానికి నాలుగు సార్లు కనిపించే మీకు అది ఉండటంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ఆధారం చేసుకుని వెనక్కి తగ్గవద్దు.

ఫోన్ నంబరు అడగడానికి ఒక పని ఉండాలి. నోట్స్ ఫొటో పంపడం, మర్నాటి క్లాసు ఉందో లేదో తెలుసుకోవడం, అసైన్‌మెంట్ కలిసి చేయడం, వీటిలో ఏదైనా సరిపోతుంది. డే స్కాలర్‌కు మరొక సహజమైన కారణం కూడా ఉంది: "నా బస్సు ఆలస్యమైతే ముందు ఏం చెప్పారో నిన్ను అడుగుతాను, నంబరు ఇస్తావా?" అని అడగవచ్చు. చిన్న సహాయం అడగడం వల్ల అవతలి వ్యక్తికి మీ పట్ల చనువు పెరుగుతుంది. అయితే సహాయం రెండు వైపులా నడవాలి. అతను రాని రోజు నోట్స్ మీరే అడగకుండా పంపితే, తర్వాతి మాటలకు దారి దానంతటదే ఏర్పడుతుంది.

ఖాళీ పీరియడ్‌ను ఎక్కడ గడుపుతారో నిర్ణయించుకోండి

రెండు క్లాసుల మధ్య ఖాళీ దొరికినప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లైబ్రరీ మూలకు వెళ్ళడం డే స్కాలర్లలో కనిపించే అలవాటు. చదువుకోవడం తప్పు కాదు, కానీ వారం మొత్తంలో మీకున్న సహవాస సమయం ఇదే గనుక దానిలో సగాన్నైనా నలుగురూ తిరిగే చోట గడపండి. క్యాంటీన్‌లో ఒక బల్ల, డిపార్ట్‌మెంట్ వరండాలో ఒక బెంచీ, లైబ్రరీలో మాట్లాడుకోవడానికి వీలున్న గది, వీటిలో ఏదో ఒక చోటును ఎంచుకుని ప్రతి వారం అదే వేళకు అక్కడే ఉండండి. మిమ్మల్ని వెతుక్కోవాలనుకున్నవారికి మీరు ఎక్కడ దొరుకుతారో తెలియాలి. హాస్టల్ విద్యార్థికి గది నంబరు ఉంటుంది, మీకు ఆ బల్లే గది నంబరు.

క్లాసు ముగియగానే "నేను క్యాంటీన్‌కు వెళ్తున్నాను, వస్తావా?" అని అడగడం ఈ మొత్తం వ్యవహారంలో అతి చిన్న పని, అతి ఎక్కువ ఫలితం ఇచ్చే పని. అడిగినవారిలో కొందరు రారు. వారికి మరో క్లాసు ఉండవచ్చు, మరో జట్టు ఉండవచ్చు. ఒకసారి రానివారిని వారం తర్వాత మరోసారి అడగడంలో చిన్నతనం లేదు.

ఇలా కలిసేవారందరూ స్నేహితులు కానక్కరలేదు. జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు కంటే ఎక్కువమంది క్లాస్‌మేట్లతో మాటామంతీ జరిగిన రోజుల్లో విద్యార్థులు ఎక్కువ సంతోషంగా, తాము ఆ చోటుకు చెందినవారమన్న భావనతో ఉన్నారని తేలింది. తల ఊపి నవ్వే పరిచయాలు పదిహేను ఉంటే, ఇంకా దగ్గరి స్నేహితులు ఏర్పడని తొలి నెలల్లో క్యాంపస్ పరాయిగా అనిపించదు.

ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి

మీ సమయాన్ని తినేస్తున్న ప్రయాణమే ఒక్కోసారి మీకు ఎక్కువ గంటలు ఇచ్చే చోటు అవుతుంది. వెళ్ళేటప్పుడు 45 నిమిషాలు, వచ్చేటప్పుడు 45 నిమిషాలు ఒకే వ్యక్తితో కలిసి ప్రయాణిస్తే ఐదు రోజులకు ఏడున్నర గంటలు అవుతుంది. పైన చెప్పిన 50 గంటలు ఏడు వారాల్లోపే నిండుతాయి, క్లాసులోని మరే పరిచయమూ ఇంత వేగంగా ముందుకు సాగదు. కాబట్టి మీ మార్గంలో వచ్చేవారిని వెతకడం మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో మీ మార్గం పేరు రాసి, ఆ వైపు నుంచి ఇంకెవరైనా వస్తున్నారా అని అడగండి. బస్సులో యూనివర్సిటీ ఐడీ కార్డు మెడలో వేసుకున్నవారిని గమనించండి. యూనివర్సిటీ సొంత బస్సులు నడుపుతుంటే పని ఇంకా తేలిక, ఎందుకంటే అక్కడ ప్రతి రోజూ అవే ముఖాలు ఉంటాయి.

తోటి ప్రయాణికులతో మాట్లాడితే విసుక్కుంటారేమోనన్న సంకోచం ఉంటుంది. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగో ప్రాంతపు రైళ్ళలో, బస్సుల్లో చేసిన ప్రయోగాలను 2014లో ప్రచురించారు. అపరిచితులతో మాట్లాడితే ప్రయాణం ఇబ్బందిగా ఉంటుందని జనం ముందుగా ఊహించారు. తీరా మాట్లాడినవారే, మౌనంగా కూర్చున్నవారి కంటే తమ ప్రయాణం హాయిగా సాగిందని చెప్పారు. ఒకే యూనివర్సిటీకి వెళ్తున్నవారి మధ్య మాట కలవడం ఇంకా సులువు. అవతలి వ్యక్తి పుస్తకం తెరిచినా, కళ్ళు మూసుకున్నా, మాటకు ముక్తసరిగా జవాబిచ్చినా అక్కడితో ఆపేయాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

బైకు మీదో కారులోనో కలిసి రావాలనుకుంటే మూడు విషయాలు మొదటి రోజే మాట్లాడుకోవాలి: పెట్రోలు ఖర్చు ఎలా పంచుకోవాలి, ఎన్ని నిమిషాలు ఎదురుచూడాలి, ఒకరు రాని రోజు ముందు రాత్రి ఎన్ని గంటలలోగా చెప్పాలి. మొహమాటంతో ఇవి మాట్లాడుకోకపోవడం వల్ల చెడిన పరిచయాలు చాలా ఉంటాయి. ఎవరో పూర్తిగా తెలియని వ్యక్తి వాహనం ఎక్కవద్దు. తెలిసినవారితో వెళ్తున్నా ఎవరితో వస్తున్నదీ ఇంట్లో చెప్పండి.

ఒకే ఒక క్లబ్బులో చేరండి

మొదటి వారాల్లో క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని పిలుస్తుంటాయి, ఉత్సాహంలో నాలుగైదింటిలో పేరు రాయించుకుని చివరకు ఏ ఒక్కదానికీ వెళ్ళలేక మానేసేవారిలో డే స్కాలర్లే ఎక్కువ కనిపిస్తారు. మీకున్న గంటలకు ఒక్కటి చాలు. ఎంచుకునేటప్పుడు విషయం మీద ఆసక్తితో పాటు రెండు ప్రశ్నలు అడగండి: ప్రతి వారం కలుస్తారా, ఎన్ని గంటలకు ముగిస్తారు? సంవత్సరానికి రెండు పెద్ద వేడుకలు మాత్రం చేసే సంఘం కంటే, వారం వారం అదే పదిమంది కలుసుకునే చిన్న బృందం మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. సమావేశం రాత్రి పెడతారని తెలిస్తే వెంటనే వదిలేయకుండా, నెలకు ఒకటైనా మధ్యాహ్నం పెట్టగలరా అని నిర్వాహకులను అడగండి. ఆ ఇబ్బంది ఉన్నది మీ ఒక్కరికే కాదు, అయితే పైకి చెప్పేవారు తక్కువ.

చేరాక ఏదో ఒక బాధ్యత తీసుకోండి. పోస్టర్లు తయారుచేయడం, హాజరు రాయడం, ఫొటోలు తీయడం, సామాన్లు సర్దడం, ఏదైనా సరే. ప్రేక్షకుడిగా వచ్చి వెళ్ళే వ్యక్తి రాకపోయినా ఎవరూ గమనించరు. పని ఉన్నవాడు రాకపోతే ఫోన్ వస్తుంది, ఆ ఫోన్లతోనే పరిచయాలు గట్టిపడతాయి. రాత్రి జరిగే కార్యక్రమాలకు ఉండలేని వ్యక్తి పగటి ఏర్పాట్ల బాధ్యత తీసుకుంటే ఎవరికీ చిన్నచూపు ఉండదు.

"రాలేను" అనే మాటను మార్చండి

హాస్టల్ స్నేహితులు ఏర్పడ్డాక వచ్చే చిక్కు సాయంత్రపు ఆహ్వానాలది. పుట్టినరోజు, సినిమా, మైదానంలో ఆట, ఏదైనా మీ బస్సు వెళ్ళిపోయే వేళకే మొదలవుతుంది. మొదటిసారి "రాలేను" అంటారు, రెండోసారీ అంటారు, మూడోసారి తర్వాత మిమ్మల్ని పిలవడం మానేస్తారు. అందులో వారి దురుద్దేశం ఏమీ ఉండదు. పిలిచి ఇబ్బంది పెట్టడం ఎందుకని అనుకుంటారు. ఈ దశలోనే చాలా స్నేహాలు సన్నగిల్లిపోతాయి గనుక ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం.

రాలేనని చెప్పే బదులు ఎంతవరకు ఉండగలరో చెప్పండి. "ఆరున్నర వరకు ఉంటాను, ఆ తర్వాత బస్సు లేదు" అన్న మాటలో నిరాకరణ లేదు, వేళ మాత్రమే ఉంది. సగం వరకు ఉండి వెళ్ళిపోవడం మర్యాద కాదని సంకోచించవద్దు, వేళను ముందే చెప్పి, ఆ వేళకు మరోసారి చెప్పి లేస్తే ఎవరూ నొచ్చుకోరు. నిజంగా కుదరని రోజున నిరాకరణకు జతగా మరొక ప్రతిపాదన ఉండాలి: "ఈ రోజు కుదరదు, గురువారం మధ్యాహ్నం అందరికీ ఖాళీ కదా, అప్పుడు కలుద్దామా?" ఇలా మూడు ఆహ్వానాలకు ఒకటి మీ వైపు నుంచి వెళ్ళేలా చూసుకుంటే జట్టు వేళలు కూడా క్రమంగా మీకు కొంత అనుకూలంగా జరుగుతాయి. మధ్యాహ్నపు కలయికలకు మీరే కర్త అయితే, సాయంత్రాల్లో లేకపోవడం పెద్ద లోటుగా మిగలదు.

సెమిస్టర్‌కు ఒకటి రెండుసార్లు, ముఖ్యమైన వేడుకల రోజున రాత్రి ఉండిపోవడానికి ప్రయత్నించండి. హాస్టల్లో బయటివారిని ఉండనిచ్చే విషయంలో ఒక్కోచోట ఒక్కో నియమం ఉంటుంది గనుక ముందుగా వార్డెన్ కార్యాలయంలో కనుక్కోవాలి. మీ వల్ల స్నేహితుడు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పరిస్థితి రాకూడదు. దీనికి మరో వైపు కూడా ఉంది. మీకు ఇల్లు ఉంది, హాస్టల్ వారికి అది దూరమైంది. ఒక సెలవు రోజున ఇద్దరినో ముగ్గురినో ఇంటికి పిలిస్తే, క్యాంపస్‌లో నెల రోజుల్లో రాని చనువు ఆ ఒక్క పూటలో వస్తుంది. ఇంట్లో పరిస్థితులు అనుకూలించకపోతే ఈ ప్రయత్నం అక్కరలేదు.

ఫోన్ గురించి కొంచెం

రాత్రి హాస్టల్లో జరిగినదంతా మర్నాడు క్లాసులో జోకులుగా తిరుగుతుంది, మీకు మాత్రం అర్థం కాదు. అర్థమైనట్టు నవ్వడం కంటే "ఏం జరిగింది, నాకూ చెప్పండి" అని అడగడం మంచిది. చెప్పేవారికి ఆ కథను మరోసారి చెప్పుకోవడం సరదాగానే ఉంటుంది. గ్రూప్ మెసేజ్‌లు చదివి ఊరుకోకుండా రోజుకు ఒకదానికైనా జవాబు రాయండి. ముఖ్యమైన వారితో మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేసి మాట్లాడాలి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధనలో, గొంతుతో మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుందని అనుకున్నవారు సైతం, రాతలో మాట్లాడుకున్నవారి కంటే ఎక్కువ దగ్గరితనాన్ని అనుభవించారు, అనుకున్నంత ఇబ్బంది ఎదురుకాలేదు. పరీక్షల ముందు రాత్రి ఒక గంట కాల్‌లో కలిసి చదువుకోవడం డే స్కాలర్లకు బాగా నప్పే పద్ధతి.

పాత స్కూలు స్నేహితుల గ్రూప్‌లో రోజంతా గడపడం వల్ల కొత్తవారితో మాట్లాడే అవసరమే తోచకుండా పోయే ప్రమాదం ఉంది. వారిని వదులుకోమని కాదు, వారితో మాట్లాడటానికి ఇంటికి చేరాక ఎలాగూ సమయం ఉంది. క్యాంపస్‌లో ఉన్న ఆరేడు గంటలను క్యాంపస్‌లో ఉన్నవారికే కేటాయించండి.

పరిచయం స్నేహంగా మారేటప్పుడు

ఒకటి రెండు నెలలకు మీ చుట్టూ ఉన్న పదిపదిహేను పరిచయాల్లో ఎవరితో మాట మాటను లాక్కుంటూ సాగుతోందో మీకే తెలుస్తుంది. అప్పటి నుంచి గంటలను అందరికీ పంచకుండా ఆ ఇద్దరు ముగ్గురి మీదే ఎక్కువగా పెట్టండి. హాస్టల్ విద్యార్థి పదిమందితో సాన్నిహిత్యాన్ని నిలుపుకోగలడు, మీకు అన్ని గంటలు లేవు. చదువు మాటలు దాటి, మీకు ఏది ఇష్టం, ఏది భయం, ఇంట్లో ఏం జరుగుతోంది అన్న విషయాల్లోకి ఇద్దరూ ఒక్కొక్క అడుగు వేయాలి. ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలో, క్రమంగా లోతు పెరిగే ప్రశ్నలను ఇద్దరు అపరిచితులు వంతులవారీగా ఒకరినొకరు అడిగి జవాబులు చెప్పుకుంటే, పైపై కబుర్లు చెప్పుకున్న జంటల కంటే ఎక్కువ దగ్గరితనం ఏర్పడింది. వంతులవారీగా అన్నదే ఇందులో ముఖ్యం. ఒక్కరే అంతా చెప్పుకుంటే అవతలివారికి భారమవుతుంది, ఏమీ చెప్పకపోతే వారూ ఆగిపోతారు.

జట్లన్నీ ముందే మూసుకుపోయాయని అనిపిస్తే గది అంచుల వైపు చూడండి. మీలాగే గడియారం చూసుకునే ఇతర డే స్కాలర్లు, మధ్యలో బదిలీ అయి వచ్చినవారు, ఉద్యోగం చేస్తూ చదివేవారు, వయసులో పెద్దవారు, ఏ జట్టులోనూ చేరని నెమ్మదస్తులు అక్కడ ఉంటారు. వారి దగ్గర చోటు ఉంటుంది, వేళలు కూడా మీకు కలుస్తాయి. కొన్ని యూనివర్సిటీల్లో డే స్కాలర్ల కోసం ప్రత్యేకంగా విశ్రాంతి గది, లాకర్లు ఉంటాయి, ఉన్నాయేమో విద్యార్థి సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఒంటరితనం వారాల తరబడి నిద్రనూ ఆకలినీ దెబ్బతీస్తుంటే, క్యాంపస్‌కు వెళ్ళాలంటేనే కాళ్ళు రాకపోతే, ఈ చిట్కాలతో సరిపెట్టుకోకుండా యూనివర్సిటీ కౌన్సెలర్‌ను కలవండి, ఇంట్లోనూ చెప్పండి.

సెమిస్టర్ ముగియడానికి పది రోజుల ముందు

సెలవుల్లో హాస్టల్ వారు సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు, తిరిగి వచ్చేసరికి సెక్షన్లు, ల్యాబ్ బ్యాచ్‌లు మారిపోవచ్చు. సగం దూరం వచ్చిన పరిచయాలు ఈ విరామంలోనే జారిపోతాయి. కాబట్టి పరీక్షల హడావుడి మొదలు కాకముందే మీ ఇద్దరు ముగ్గురితో కూర్చుని తర్వాతి సెమిస్టర్ ఎలక్టివ్‌లు, ల్యాబ్ బ్యాచ్ కలిసి ఎంచుకోండి. ఎంచుకునే వీలు లేని చోట, వారంలో ఏ ఖాళీ పీరియడ్‌లో ఎక్కడ కలుసుకోవాలో కొత్త టైమ్‌టేబుల్ వచ్చిన రోజే నిర్ణయించుకోండి. అదే ఊళ్ళో ఉండే డే స్కాలర్ స్నేహితులతో సెలవుల మధ్యలో ఒక తేదీ ఖాయం చేసుకోండి, దూరంగా వెళ్ళేవారికి ఫోన్ చేసే రోజు చెప్పి ఉంచండి. కొత్త సెమిస్టర్ మొదటి రోజున ఒక బస్సు ముందు బయలుదేరి, ఆ ఉదయం గదిలోకి మొదట వచ్చేవారిలో ఒకరు కండి. చోట్లన్నీ మళ్ళీ మారతాయి గనుక ఎవరి పక్కన కూర్చోవాలన్నది అప్పుడు మీ చేతుల్లోనే ఉంటుంది.